టీవీ అని రాసిన చేయి

ఆఫీసులో అతన్ని అందరూ చాటుగా వెన్నపూస అనేవారు. ఎదురుగా మాత్రం సార్ అనేవారు, అది వేరే సంగతి. ఎవరెంత తప్పు చేసినా పల్లెత్తు మాట అనని మనిషి. "పర్లేదులెండి, ఇంకోసారి వినండి" అనేవాడు, అంతే.

వాళ్ళ పని వినడమే. గోడకు తగిలించే చిన్న డబ్బా ఒకటుంది. ఇంట్లో అద్దం పగిలినా, ముసలివాళ్ళు జారిపడినా, పసిబిడ్డ గుక్కపట్టి ఏడ్చినా అది పసిగట్టి ఇంటివాళ్ళ ఫోనుకు కబురు పెడుతుంది. అయితే ఏ చప్పుడేమిటో ముందు దానికెవరో నేర్పాలి కదా! అందుకు ఒప్పుకున్న ఇళ్ళ నుంచి చప్పుళ్ళు పేరూ ఊరూ లేకుండా వస్తాయి. ఒక్కోదాన్నీ కాస్తంత విని ముగ్గురు పేరు పెడతారు. ముగ్గురి మాటా ఒకటైతే ఆ పని అక్కడితో సరి. తేడా వస్తే మాత్రం అందరూ కలిసి స్పీకర్లో చివరిదాకా వినాలి. ఈ రూలు పెట్టింది వెన్నపూసే. అందరికీ ఆదర్శంగా ఉండాలని తన ఇంటి హాల్లోనూ ఒక డబ్బా పెట్టించాడు. పెట్టించి, దాని ఊసే మర్చిపోయాడు.

ఆ మధ్యాహ్నం అతని చెవుల్లో ఒక మగగొంతు విరుచుకుపడింది.

"ఛార్జర్ ఎక్కడ తగలేశావ్? ఈ కొంపలో ఒక్క వస్తువైనా చోట్లో ఉండి చావదు! నోర్మూసుకుని వెతుకు!"

ఎవడో మొరటు వెధవ, వీడితో ఆ ఇల్లాలు ఎలా వేగుతోందో పాపం అనుకున్నాడు వెన్నపూస. తన గొంతు తనకెలా తెలుస్తుంది? లోపలి నుంచి వినడమే గానీ బయటి నుంచి ఎన్నడూ విన్నవాడు కాదు. ఆ తర్వాత స్టీలు గ్లాసు గోడకు తగిలి, గచ్చు మీద దొర్లుకుంటూ పోయి సోఫా కాలికి ఆగింది. అప్పుడు పోల్చుకున్నాడు. నిన్న పొద్దున తను విసిరిన గ్లాసే అది. ఛార్జరేమో ఆఫీసుకొచ్చాక తన బ్యాగులోనే దొరికింది. ఆ మాట ఇంటికెళ్ళి చెప్పనేలేదు.

మిగతా ఇద్దరూ అప్పటికే పేరు పెట్టేశారు. ఒకావిడ సంగీతం నేర్పి రిటైరైన టీచరమ్మ. రెండోవాడు వాగుడుకాయ. సార్ మెత్తటి గొంతే తప్ప అరుపు ఎన్నడూ ఎరగని ఆ ఇద్దరూ రాసింది ఒకటే, బెదిరింపు.

తనూ ఆ మాటే రాస్తే పీడా పోయేది. ముగ్గురి మాటా కలిసేది, ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. కానీ ఆ మాట తన చేత్తో తన మీద రాసుకోవడానికి వెన్నపూసకు చేయి ఆడలేదు. టీవీ అని రాశాడు. రాశాక గాని, తను పెట్టిన రూలు గుర్తుకు రాలేదు.

వాగుడుకాయ కుర్చీ తిప్పాడు. "టీవీ అంటారేంటి సార్? టీవీలో విలన్‌కైనా వెనకాల మ్యూజిక్ ఉంటుంది. వీడికి అదీ లేదు."

"పోనీలెండి, మీ మాటే రాసేద్దాం" అన్నాడు వెన్నపూస గబగబా.

"అదెలా కుదురుతుంది సార్? మీ రూలు మీరే తప్పితే ఎలా?" అని టీచరమ్మ నవ్వుతూ స్పీకర్ పెట్టేసింది.

అరుపు గదంతా నిండింది. గ్లాసు దొర్లింది. తలుపు ధడాలున పడింది. వెన్నపూస చెమట తుడుచుకుని, ఇక అయిపోయింది, బతికిపోయాననుకున్నాడు. తను గడప దాటాక ఆ ఇంట్లో ఇంకా చప్పుళ్ళుంటాయని అతనికి తోచనే లేదు. ఎవరో ముక్కు చీదుకున్నారు. తర్వాత చిన్నపిల్ల గొంతు వినిపించింది.

"అమ్మా, నాన్న ఆఫీసులో అస్సలు అరవడంట కదా?"

"ఎవరు చెప్పారే?"

"ఆ రోజు నాన్న ఆఫీసుకెళ్తే నన్ను కుర్చీలో గిరగిరా తిప్పాడే, ఆ అంకుల్."

వాగుడుకాయ తను కూర్చున్న కుర్చీ వంక చూసుకున్నాడు, ఆ పిల్లను తిప్పింది అందులోనే.

"అవున్లే. అక్కడ అరవరు."

"అయితే మనం కూడా అక్కడే ఉద్యోగం చేద్దామా అమ్మా?"

అక్కడితో అయిపోయింది. టీచరమ్మ కళ్ళజోడు తీసి, మరకే లేని అద్దాలను కొంగుతో తుడుస్తూ కూర్చుంది. వెన్నపూసకు తల కొట్టేసినట్టయింది. భూమి చీలితే అందులోకి దూరిపోయేవాడే. వీళ్ళిద్దరి ముందు సిగ్గు ఒక ఎత్తు, ఆ పిల్ల అడిగిన తీరు ఒక ఎత్తు. అందులో కోపం లేదు, ఫిర్యాదూ లేదు. ఎండలో నిలబడ్డవాళ్ళు నీడలోకి పోదామా అన్నట్టు అడిగింది, అంతే.

చివరికి వాగుడుకాయే అడిగాడు, తల తిప్పకుండా. "సార్, ఏమని రాయమంటారు?"

"బెదిరింపు అని రాయండి" అన్నాడతను. "అది మా ఇల్లే."

ఆ మాట కూడా ఎప్పటిలా మెత్తగా, మర్యాదగానే వచ్చింది. ఆ మెత్తదనానికే అతనికి అన్నిటికన్నా ఎక్కువ సిగ్గేసింది.