నీటి పైపొర

సముద్రం అనగానే అందరూ లోతు గురించి మాట్లాడతారు. నాకు పైపొర మీదే మోజు. కంటికి కనపడని లేజర్ వెలుతురు నీటి మీద వేస్తే లోపలి నీళ్ళు ఉలకవు, పలకవు. నీరూ గాలీ కలిసే పలచని పొర మాత్రం పిసరంత ఆకుపచ్చ వెలుతురు తిప్పి పంపుతుంది. అది కొలవడమే నా పీహెచ్‌డీ.

ఈ దీవుల్లో, డాలీగంజ్‌లోని మా ల్యాబ్‌కి అరువు తెచ్చిన లేజర్ ఇవాళ సాయంత్రం షిప్‌లో చెన్నై వెళ్ళిపోవాలి. ఇన్నాళ్ళూ మీటర్ సున్నాకి కాస్త ఎగువనే కొట్టుకునేది. నిన్న, చేపలు పట్టే గవరయ్య తెచ్చిన నీళ్ళకి అంకె ఎగిరి కూచుంది! తెరలు దించిన గదిలో, గాజుపళ్ళెం ముందు, నీటి మీద నేనే తేలుతున్నట్టుంది. సముద్రం నాకొక్కదానికే ఏదో చెబుతోందనిపించింది. వెంటనే హైదరాబాద్‌లో ఉన్న గైడ్ సార్‌కి ఫోన్ చేశాను. "ఇక థీసిస్ రాసెయ్ లిఖితా" అన్నారు.

ఇవాళ లేజర్ పెట్టెలో సర్దుతుంటే గవరయ్య మరో సీసాతో వచ్చాడు.

"నిన్న మురిసిపోనారు గదా దీదీ. ఇయ్యాల ఇంకా నున్నటి నీరు తెచ్చాను."

"బయట ఇంత గాలి. నున్నగా ఎలా ఉంది భయ్యా?"

"కదలని నీరు తెమ్మన్నారు గదా! నిన్నా ఇయ్యాలా కొబ్బరి నమిలి నీటి మీద ఊశాను. అడుగున చేపలు అగుపడ్డానికి రోజూ చేసీదే. నీరు అద్దం అయిపోద్ది."

నేను కొలిచింది సముద్రాన్ని కాదు, గవరయ్య నమిలిన కొబ్బరి నూనెని! తిట్టడానికి నోరు తెరిచి, వెలిగిపోతున్న ఆ మొహం చూసి మూసుకున్నాను. పళ్ళెంలో పోశాక ఏ నీళ్ళైనా కదలకుండానే ఉంటాయని నా పెద్ద చదువుకి తోచలేదు మరి. పెట్టెకి మూత వేసేస్తే ఎవరికీ తెలియదు. డిగ్రీ వచ్చేస్తుంది. ఏడుపొచ్చింది.

"ఊయకుండా ఒక్క సీసా తే భయ్యా. జల్దీ."

"అది ఊగే నీరు దీదీ."

"ఊగనీ."

లేజర్ మళ్ళీ బిగించాను. కడిగిన పళ్ళెంలో కొత్త నీళ్ళు పోశాను. మీటర్ సున్నాకి కాస్త ఎగువన ఆగింది. మళ్ళీ చూశాను. అంతే.

సార్‌కి ఫోన్ చేసి, నిన్నటి అంకె కొబ్బరిదని చెప్పేశాను.

"మరి సముద్రానిది ఎంత?"

"చాలా కొంచెం సార్."

"అంత కొంచెం తేల్చాలంటే ఇంకో ఏడాది పడుతుందమ్మా."

"పడనివ్వండి సార్. ఇది సముద్రానిదే."