వెనక గుండీల గౌను

మా తాతయ్య పైపులు అమ్మి కోటీశ్వరుడయ్యాడు. పోతూ పోతూ ఆ కంపెనీలో సగం అన్నయ్యకూ సగం నాకూ రాసి పోయాడు. పైపుల్లో నీళ్ళు పారతాయన్న సంగతి తప్ప వాటి గురించి నాకింకేమీ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. నాకు తెలిసింది గుడ్డ. వేళ్ళ మధ్య పెట్టి నలిపితే చాలు, అది ఎక్కడ మాట వింటుందో ఎక్కడ మొండికేస్తుందో చెప్పగలను. గౌన్లు కుట్టించి అమ్ముతానని అన్నయ్యతో అంటే నవ్వాడు.

"సరే, ఒక ఏడాది ఆడుకో. ఈలోగా ఒక్క పెద్ద షాపు వాళ్ళయినా నీ గౌన్లు తీసుకుంటే నీ దారి నీది. లేదంటే బుద్ధిగా వచ్చి కంపెనీ బోర్డులో నా పక్క కుర్చీలో కూర్చోవాలి."

'ఆడుకో' అన్నందుకు ఒళ్ళు మండింది. సై అన్నాను. మాటిచ్చాక వెనక్కి తీసుకునే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఒక బేకరీ పైన రెండు గదులు అద్దెకు తీసుకున్నాను. మూడు కుట్టు మిషన్లు, గది పొడవునా కోత బల్ల, తల లేని బొమ్మ ఒకటి. రొట్టెల వాసన గుడ్డలకు పట్టకుండా మధ్యాహ్నం దాకా కిటికీలు మూసే ఉంచేవాళ్ళం. కత్తెర పనికి ఒక మాస్టారు కుదిరారు. ముప్పై ఏళ్ళు కోట్లు కత్తిరించిన చెయ్యి ఆయనది. అడిగితే తప్ప నోరు విప్పరు. అప్పట్లో అది మంచి గుణమే అనుకునేదాన్ని.

పదకొండో నెల దాటేసరికి పన్నెండు గౌన్లు తయారయ్యాయి. ప్రతి గౌనుకూ వెనక మెడ దగ్గర నుంచి నడుము కింద దాకా, అదే గుడ్డ చుట్టిన చిట్టి గుండీలు ఇరవై రెండు. ముందు వైపు అతుకన్నది కనపడదు. చూసుకుని మురిసిపోయాను. దాచుకోవడమెందుకు, ఇప్పటికీ మురిసిపోతాను.

ఒక సోమవారం, గౌన్లు చూడటానికి ఒక షాపు మేడమ్ వచ్చింది. ఊళ్ళో ఆడవాళ్ళ బట్టల షాపుల్లో అన్నిటికన్నా పెద్దది ఆవిడది. అరవై దాటిన మనిషి. కళ్ళద్దాలు నెత్తి మీదకు తోసుకుని గౌన్లన్నీ తిరగేసి లోపలి కుట్లు చూసింది. నేను ఎవరి మనవరాలినో అడగలేదు. అది నాకు భలే నచ్చింది. నీలం గౌను ఒకటి తీసుకుని మూలనున్న తెర వెనక్కి వెళ్ళింది.

"సాయం రానా అండీ?" అన్నాను.

"వద్దు," అంది లోపలి నుంచి.

పది నిమిషాలైంది. పదిహేనైంది. మోచెయ్యి గోడకు కొట్టుకున్న చప్పుడు రెండుసార్లు వినిపించింది. చివరికి వచ్చినప్పటి బట్టల్లోనే బయటికి వచ్చి, గౌను నా చేతిలో పెట్టింది.

"నీకు బట్టలు ఎవరు తొడుగుతారమ్మా?"

ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది. నేనూ ఆలోచించకుండా నిజమే చెప్పేశాను.

"మా ఆయా అండీ."

"అనుకున్నాలే. నా షాపుకొచ్చేవాళ్ళకి ఆయాలుండరు. కొత్త సరుకు శుక్రవారం దాకే చూస్తాను. ఆ తర్వాత మళ్ళీ వచ్చే ఏడాదే."

ఆవిడ మెట్లు దిగేదాకా ఆగి, మాస్టారి మీద ఒంటికాలిపై లేచాను.

"మీకు ముందే తెలుసా ఈ సంగతి?"

"తెలుసండీ."

"మరి చెప్పరేం?"

"మీరు అడగలేదు కదండీ. బొమ్మకి తొడిగేటప్పుడు గుండీలు పెట్టేది మనమే కదా. బాగా కుదిరిందన్నారు మీరు. నేనూ ఊరుకున్నాను."

ఇంటికి వెళ్ళి, ఆయాను బయట ఉండమని గడియ పెట్టుకుని ఆ నీలం గౌను నేనే వేసుకున్నాను. కింద నుంచి ఏడు గుండీలు పట్టాయి. భుజం మీద నుంచి చెయ్యి వేస్తే పైవి మూడు. మధ్యలో పన్నెండు ఎంత గింజుకున్నా అందలేదు. ముప్పై మూడేళ్ళొచ్చాక నా వీపు నాకు అందదని ఆ రోజే తెలిసింది. బయట నుంచి ఆయా, "రానా పాపా?" అంది. "వద్దు," అన్నాను. సిగ్గేసింది. ముప్పై మూడేళ్ళ పాపని.

మర్నాడు ఉదయానికి సిగ్గు పోయి పంతం మిగిలింది.

"గుండీలు ముందుకు తెచ్చేద్దాం మాస్టారూ."

"తెస్తే గౌను చచ్చిపోతుందండీ," అన్నారాయన. అడక్కుండా ఆయన చెప్పిన మొదటి మాట అది.

వాదులాడుకుంటూనే కత్తిరించాం. వెనక కుట్టేసి, ఎడమ పక్కన తెరిచాం. మడత కింద దాక్కునేలా పెద్ద పెద్ద హుక్కులు వేశాం. తొడుక్కుని చూడమని మా దగ్గర ఇస్త్రీ చేసే అక్కను పిలిచాను. ఆమెకు కుడి భుజం పైకి లేవదు. తెర వెనక్కి ఎవరూ వెళ్ళకూడదని గట్టిగా చెప్పాను.

"పై హుక్కు అందట్లేదమ్మా," అంది లోపలి నుంచి.

జానెడు కిందికి దించాం. ఈసారి తల దూరలేదు. మెడ వెడల్పు చేశాం. అప్పుడు భుజాలు జారాయి. నాలుగోసారి చక్కగా తొడుక్కుని, హుక్కులన్నీ పెట్టుకుని తనంతట తనే బయటికి వచ్చి, "ఇస్త్రీకి మాత్రం మీ మడత నా ప్రాణం తీస్తుంది," అంది. దానికి నేనేం చెయ్యను! శుక్రవారానికి మూడు గౌన్లే మార్చగలిగాం. తొమ్మిది పాత గుండీలతోనే వేలాడుతున్నాయి. మూడు చాలనుకున్నాను. పని బాగా వచ్చినప్పుడు నా చేతులకు ముందే తెలుస్తుంది.

మేడమ్‌కు ఫోన్ చేశాను.

"మళ్ళీ దేనికమ్మా?"

"ఐదు నిమిషాలు రండి చాలు. మీరు తెర వెనక నుంచి బయటికొచ్చేదాకా నోరెత్తను."

వచ్చింది. అదే నీలం గౌను పట్టుకుని లోపలికి వెళ్ళింది. మాస్టారు కత్తెర కింద పెట్టేశారు. మూడు నిమిషాలు కూడా కాలేదు, గౌను తొడుక్కునే బయటికి వచ్చింది. చేతులు పైకెత్తింది, కూర్చుంది, వంగి చెప్పు సర్దుకుంది. మాటిచ్చాను కాబట్టి పళ్ళు బిగించి నిలబడ్డాను.

"మిగతా తొమ్మిదీ ఇలాగే మార్చు. పన్నెండూ తీసుకుంటాను," అంది.

ఎగిరి గంతెయ్యబోయాను. ఆవిడ అద్దం ముందు నుంచి కదల్లేదు.

"మా ఆయన పోయి నాలుగేళ్ళయిందమ్మా. వెనక జిప్పు పెట్టే మనిషి లేక మంచి బట్టలన్నీ బీరువాలోనే పడున్నాయి. మొన్న లోపల అంతసేపు కొట్టుకులాడింది షాపు కోసమనుకున్నావా? ఈ గౌను నాకు కావాలనిపించి."

తన బట్టలు సంచిలో పెట్టించుకుని ఆ నీలం గౌనుతోనే మెట్లు దిగింది. నాకు ఏడుపొచ్చింది. మాస్టారు కిటికీ తెరిచే నెపంతో అటు తిరిగారు.

అన్నయ్యకు ఫోన్ చేశాను.

"ఏమైందే? కుర్చీ తుడిపించమంటావా?"

"తుడిపించి ఇంకెవరికైనా ఇచ్చెయ్ అన్నయ్యా."

"కొన్నారా ఏంటి?"

"కొనడం అటుంచు. ఆవిడ గౌను విప్పకుండానే వెళ్ళిపోయింది!"