బంతి పడ్డ చోటు

ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి. షౌకత్ నడుము తిరిగితే భుజం తిరుగుతుంది. భుజం వెంట చేతులు, చేతుల వెంట పొడుగు పిడికి బిగించిన ఇనుప రేకు. రేకు పోయిన దారిన గడ్డి పక్కకు ఒరుగుతుంది. చూసేవాళ్లకు ఆ మనిషి పని చేస్తున్నట్టే ఉండదు, ఏదో పాట లోలోపల పాడుకుంటూ ఊగుతున్నట్టుంటుంది. అయినా పొద్దు బారెడెక్కేసరికి కాలేజీ గ్రౌండులో పావువంతు జాగ నున్నగా అయింది.

కాలేజీకి తాళం పడి నెల దాటింది. సిద్దిపేటలో బస్సులు డిపో దాటడం లేదు, ఆఫీసులు తెరవడం లేదు. తెలంగాణ కోసం అందరూ సమ్మెలో ఉన్నారు. రోజుకూలీ షౌకత్‌ను మాత్రం సమ్మెకు రమ్మని ఎవరూ పిలవలేదు, పనికి రావద్దనీ ఎవరూ చెప్పలేదు. పిలవని పేరంటానికి పోయే అలవాటు లేనివాడు కనుక రోజూ పనికే వస్తున్నాడు.

గేటు ముందు టెంటులో కూర్చున్న లెక్కల సారు బుచ్చయ్య, డప్పు ఆగిన సందులో కేకేశాడు.

"ఏం షౌకత్ భాయ్, ఊరంత బందుంటె నువ్వొక్కనివే పని జేస్తున్నవ్! రేపు తెలంగాణ వచ్చినంక నీకు వాటా ఇయ్యం మరి!"

"గడ్డి సమ్మె చేస్తలేదు గద సార్," అన్నాడు షౌకత్ చెయ్యి ఆపకుండా.

టెంటంతా నవ్వింది. మళ్లీ డప్పు మొదలైంది. మధ్యాహ్నం దాకా అతనితో ఎవరైనా మాట్లాడింది ఆ ఒక్క మాటే.

హైదరాబాదులో ఇరవై ఎనిమిదేళ్లు గోల్ఫ్ మైదానంలో సాహెబుల కర్రల సంచులు మోశాడు షౌకత్. మోయడం పనిలో సగమే, మిగతా సగం చూడటం. కొట్టేవాడు తల ఎత్తకూడదు, ఎత్తితే దెబ్బ చెడుతుంది. బంతి ఎక్కడ పడిందో చూసిపెట్టేది మోసేవాడే. షౌకత్‌ది గద్ద కన్నని పేరు. దెబ్బ ఎక్కడ తప్పుతోందో కూడా ఆ కన్నే పట్టేది.

"కోపంతోని కొట్టకుండ్రి సాబ్. నిమ్మలంగ ఎనుకకు తీస్కపోండ్రి. పైన జరంత ఆగుండ్రి. ఊయల ఇడిసినట్టు ఇడువుండ్రి. దూరం దానంతటదే వస్తది. బంతి పోవాలె, పుల్ల కదలొద్దు," అనేవాడు. బంతి కింద గుచ్చిన పుల్ల చెక్కు చెదరకుండా నిలబడితే అతని లెక్కలో అదీ దెబ్బ.

సోమవారం మైదానానికి సెలవు. ఆ రోజు మోసేవాళ్లే కొట్టేవాళ్లు. అప్పుడు కూడా, నీ కన్నుంటే బంతి పోదని, షౌకత్‌నే తీసుకుపోయి దూరాన నిలబెట్టేవారు. చివరి దెబ్బ అతనిది. అప్పటికి అందరూ సైకిళ్లెక్కి ఉండేవారు. "మస్తు దూరం పోయింది భాయ్," అనేవారు, వెనక్కి తిరగకుండానే.

తర్వాత కళ్లకు పొర కమ్మింది. బంతి కనపడనివాణ్ణి ఎవరు పెట్టుకుంటారు? ఒక సాహెబు తన పాత కర్ర చేతిలో పెట్టి పంపాడు. జేబులో ఒక బంతి మిగిలింది. భార్య కుల్సుం అప్పటికే పోయింది. సొంతూరు వచ్చి తొమ్మిదేళ్లయినా ఆ బంతిని కొట్టలేదు. గ్రౌండు నిండా ఎప్పుడూ పిల్లలే. పైగా కొడితే ఎక్కడ పడిందో చెప్పే కన్ను కావాలి. ఒక్కసారి, తన బంతి ఎంత దూరం పోతుందో తెలిస్తే చాలనుకునేవాడు.

మధ్యాహ్నం మైకులో చెప్పారు, ఎల్లుండి కాలేజీ తెరుస్తున్నారని. షౌకత్ రేకు కింద పెట్టాడు. పొద్దున్నుంచీ ఎడమ చెయ్యి తిమ్మిరిగా ఉంది. దులుపుకున్నాడు. ఎదురుగా ఖాళీ గ్రౌండు, దాని అవతల పడావు పడ్డ చెలక. మళ్లీ ఇంత జాగ దొరకదు.

కాలేజీ ఊడ్చే ఎల్లవ్వ వేపచెట్టు కింద సద్ది విప్పుతోంది. షౌకత్ షెడ్డులోంచి గుడ్డ చుట్టిన కర్ర తెచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"ఎల్లవ్వా, నేనొక బంతి కొడ్త. యాడ పడ్డదో జర చూసి పెడ్తవా?"

"గీ కోడిగుడ్డునా?" బంతి చూసి పకపకా నవ్విందామె. "ఎండ గిట్ల తాకిందా భాయ్? నువ్వే చూస్కో రాదు?"

"కొట్టెటోడు తల ఎత్తొద్దు. ఎత్తినా నాకు కనపడదు."

ఎల్లవ్వ నవ్వు ఆపి అతని మొహంలోకి చూసింది. సద్ది మూట మళ్లీ కట్టింది.

"పడ్డకాడ ఏం జెయ్యాలె?"

"గీ దస్తీ పరిచి మీద రాయి పెట్టు. ఆడికెళ్లి అడుగులు లెక్కవెట్టుకుంట రా."

"ఇరవై దాటితె నాకు లెక్క రాదు."

"ఇరవైకి ఒక రాయి కొంగుల ఏస్కో. మళ్ల ఒకటి కాంచి మొదలువెట్టు."

"సార్లు జూస్తె ఇద్దరికీ పిచ్చి లేసిందంటరు," అంటూనే కదిలింది.

"పక్కకు నిలవడు! తలకాయ పలుగుతది!" వెనకనుంచి కేకేశాడు షౌకత్.

వేపపుల్ల చెక్కి నేలలో గుచ్చాడు. బంతి నిలబెట్టాడు. పాదాలు సర్దుకున్నాడు. కర్ర నిమ్మళంగా వెనక్కి పోయింది, పైన క్షణం ఆగింది, తన బరువుతో తానే దిగింది. టక్కుమని చిన్న చప్పుడు. షౌకత్ తల ఎత్తలేదు. పుల్ల మీద బంతి లేదు, పుల్ల మాత్రం ఉంది.

ఎక్కడో దూరాన ఎల్లవ్వ గొంతు. "అవ్వో! గంత దూరమా!"

షౌకత్ మెల్లగా పుల్ల పక్కన చతికిలబడ్డాడు. కర్ర ఒళ్లో పెట్టుకున్నాడు. రొమ్ము మీద ఎవరో చెయ్యి ఆనించినట్టుంది. ఆమె రావాలి, అడుగులు చెప్పాలి.

చెలకలో దస్తీ పరిచి రాయి పెట్టి ఎల్లవ్వ నడక మొదలుపెట్టింది. ఎప్పుడూ చీపురు పట్టి నడిచే గ్రౌండే. ఇవాళ పరీక్ష రాస్తున్నట్టు పెదాలు కదుపుతూ, ఇరవైకోసారి వంగుతూ నడిచింది. దగ్గరికొచ్చేసరికి కొంగు బరువై కిందికి గుంజుతోంది.

"పద్నాలుగు రాళ్లు భాయ్! మీద ఆరడుగులు!"

షౌకత్ తల వంచుకునే ఉన్నాడు.

"ఇగ తల ఎత్తు, బంతి ఎప్పుడో పడ్డది," అంది నవ్వుతూ. అతను ఎత్తలేదు. ఆమె వంగి భుజం ముట్టుకుంటే పక్కకు ఒరిగిపోయాడు. కొంగు జారి రాళ్లన్నీ అతని కాళ్ల దగ్గర పడ్డాయి.

ఎల్లవ్వ కేకకు గేటు దగ్గర డప్పు ఆగింది. సార్లు పరుగెత్తుకొచ్చి అతన్ని ఎత్తుకున్నారు. కర్రను ఎవరో వెంట తీసుకుపోయారు. ఎల్లవ్వ రాళ్లు ఏరుకుని, ఎన్ని ఉన్నాయో మళ్లీ చూసుకుని, కొంగున ముడేసుకుని వాళ్ల వెనకే నడిచింది.

సగం కోసిన గ్రౌండులో, వేపపుల్ల కొంచెమైనా వంగకుండా నిలబడి ఉంది.