కండ్లు మూసుకొని విన్న సౌండ్ కార్డు

భీవండి నుంచి తిరిగొచ్చినప్పటి నుంచి లక్ష్మీరాజానికి తెలియని సంగతంటూ లేకుండా పోయింది. మిక్సీ కొనాలన్నా, పంటి నొప్పికి మందు వేయాలన్నా, ఎవరి పిల్లకు సంబంధం చూడాలన్నా పిలవని పెద్దమనిషిలా వచ్చి ముందు కూర్చునేవాడు. అక్కడ ఆయన నడిపింది పరాయి సేటు మరమగ్గాలే. మాటలు వింటే మాత్రం ఆ ఊరికి కరెంటు తెచ్చింది తనేనేమో అనిపించేది. అటువంటివాడు, బావ అంబదాస్ కూతురు వనజ కోసం కంప్యూటరు కొంటున్నాడని తెలిస్తే ఊరుకుంటాడా? ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, సిరిసిల్ల బస్టాండులో అందరికంటే ముందే నిలబడ్డాడు.

"సౌండ్ కార్డు వేరే పెట్టియ్యాలె బావా. బోర్డుల వచ్చే సౌండు గూడ ఒక సౌండేనా? భీవండిల మా సేటు ఇంట్ల సూసిన."

"నేర్చుకునేది నేను గద మామా, నాకు సౌండు అక్కర లేదు" అంది వనజ.

"నీకేం ఎరుక బిడ్డా? సౌండు లేని కంప్యూటరు టైపు మిషినే!"

లక్ష్మీరాజం మాట్లాడితే బస్టాండంతా వినిపిస్తుంది. అందుకని అంబదాస్‌కు కూడా వినిపించింది. ఆయన దిగులు వేరే ఉంది. ఏళ్ల తరబడి మగ్గాల మోతలో ఉండి చెవులు మొద్దుబారాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మగ్గం చప్పుడు మారగానే దూరం నుంచే పసిగట్టే ఆసామి అని తన మరమగ్గాల షెడ్డులో ఆయనకు పేరు. ఆ పేరు పోయిందంటే పనివాళ్ల ముందు మాట చెల్లదు. అదీగాక, "నువ్వింక ఇంట్ల కూసో బావా, షెడ్డు నేను సూస్కుంట" అని లక్ష్మీరాజం దసరా నుంచి పాట మొదలుపెట్టాడు. ఈ చెవుల సంగతి అతనికి దొరికితే ఇక ఆ షెడ్డు తనది కాదు.

కరీంనగర్‌లోని దుకాణంలో, టై కట్టుకున్న కుర్రవాడు రెండు కంప్యూటర్లు చూపించాడు. ఒకదానికి సౌండ్ లోపలి మదర్‌బోర్డులోనే ఉంది. రెండోదానికి వేరే కార్డు బిగించారు.

"రెండిట్ల ఒకటే పాట పెడ్త సార్. చిన్నగ పెడితేనే తేడా ఎరుకైతది. వినుండ్రి."

మొదటిది పెట్టాడు. అంబదాస్‌కు ఏమీ అందలేదు. రెండోది పెట్టాడు. గోడ అవతల ఎవరో దుప్పటి దులుపుతున్నట్టు అనిపించింది, అంతే. చెమట పట్టింది. పక్కన లక్ష్మీరాజం కండ్లు మూసుకున్నాడు. తల ఊపుతూ తొడ మీద తాళం కూడా వేస్తున్నాడు, పెద్ద విద్వాంసుడిలా.

"అబ్బబ్బ! గీ కార్డు సంగతే వేరు బావా! తబలా ఎట్ల పలుకుతున్నది సూడు!"

అంతలో పైన ఫ్యాను మెల్లగా ఆగింది. ట్యూబులైటు ఆరింది. బ్యాటరీ మీద కంప్యూటరు తెర మాత్రం వెలుగుతూనే ఉంది, అందులో బొమ్మలు గంతులేస్తూనే ఉన్నాయి. వనజ మేనమామ వైపు నోరు తెరిచి చూసింది. తర్వాత తండ్రి వైపు తిరిగి, గొంతు లేకుండా పెదవులు మాత్రమే కదిపింది. షెడ్డులో ఆ మోత మధ్య అందరూ మాట్లాడుకునేది అలాగే.

"బాపూ, కరెంటు పోయింది. స్పీకర్లు బందైనై. పాట వస్తలేదు."

అంటే ఈ పిల్లకు తన సంగతి తెలుసు. ఎన్నాళ్ల నుంచి తెలుసో! తెలిసీ ఒక్కనాడు బయటపెట్టలేదు. 

లక్ష్మీరాజం ఇంకా తల ఊపుతూనే ఉన్నాడు. "వా! వా! ఇనుకుంటనే ఉండాలనిపిస్తది!"

"కరెంటు పోయింది సార్" అన్నాడు కుర్రవాడు నవ్వు ఆపుకుంటూ. ఆ మాటే అతను రెండోసారి అరిచి చెప్పాల్సి వచ్చింది. లక్ష్మీరాజం కండ్లు తెరిచాడు. ఆగిన ఫ్యానును చూశాడు. మొహం మీద నెత్తురు చుక్క లేదు.

అనవలసిన మాటలు అంబదాస్‌ దగ్గర ఒక గంపెడున్నాయి. ఆ మొహం చూశాక ఒక్కటే బయటికొచ్చింది. "మా బామ్మర్దికి వినిపించినంతనే నాకు వినిపించింది. వేరే కార్డు వద్దు."

తిరుగు బస్సు వేములవాడ దాటింది. లక్ష్మీరాజం వంగి, బావ చెవి దగ్గర ఏదో గొణిగాడు. ఇంకోనాడైతే అంబదాస్ ఊరికే తల ఊపేవాడు.

"జర గట్టిగ అను. నాకు చెవులు వినిపిస్తలేవు."

ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగారు.  "నాకు సుత వినిపిస్తలేవు బావా!" అని అరిచాడు లక్ష్మీరాజం.

"మరి నా షెడ్డు ఏం సూస్కుందామనుకున్నవ్‌రా?"

 బస్సు గుంతలో పడి లేచింది. వనజ ఒళ్లోని కంప్యూటరు పెట్టె జారింది.

"ఇద్దరు జర పెట్టె పట్టుండ్రి!" అని కేక వేసింది వనజ. బావా బావమరుదులు చెరో వైపు నుంచి వంగి దాన్ని పట్టుకున్నారు.