మైనం పెట్టిన కన్ను

నేను ఒక నాడెను. మగ్గం మీద పడుగు దారాల మధ్య అటూ ఇటూ పరుగెత్తి పేక వేసేది నేనే. గట్టి కర్రను నున్నగా చెక్కి, రెండు కొసలకూ ఉక్కు ములుకులు తొడిగి, పక్కన చిన్న రంధ్రం పెట్టారు. దాన్ని కన్ను అనేవారు. ఆ కంటికి అతి దగ్గరగా వచ్చినవి ఆడవాళ్ళ పెదవులే.

మాది అమెరికాలో, మాసచూసెట్స్ రాష్ట్రంలో, నది ఒడ్డున ఒక బట్టల మిల్లు. నది చక్రాలను తిప్పేది, చక్రాలు మగ్గాలను తిప్పేవి, మగ్గాలు ఆడపిల్లలను తిప్పేవి. నా పొట్టలో ఉండే దారం చుట్టిన కండె అయిపోగానే కొత్తది పెట్టి, దారపు కొసను కంటిలోంచి బయటికి తీయాలి. కంటికి పెదవులు ఆనించి గట్టిగా పీలిస్తే దారం చటుక్కున నోట్లోకి వచ్చేది. దాంతోపాటు దూది నూగూ, అంతకుముందు పీల్చిన మనిషి ఎంగిలీ వచ్చేవి. ఇంట్లో ఒకరి గ్లాసు ఒకరు ముట్టని వాళ్ళు కూడా మిల్లులో నన్ను పంచుకునేవారు.

నన్ను ఎక్కువకాలం వాడింది ఓడిల్. కెనడా నుంచి వచ్చిన నడివయసు మనిషి. కొత్తగా చేరిన పిల్లలను ఆటపట్టించడం ఆమెకు సరదా.

"సిగ్గుపడతావేమే? నీ మొదటి మొగుడు వీడే. తాగి రాడు, తన్నడు. పెట్టు ముద్దు!"

అందరూ నవ్వేవారు. రానురాను ఆ నవ్వు మధ్యలో ఆమెకు దగ్గు వచ్చేది. ఒక చలికాలం ఆమె మంచం పట్టింది. ఆమె మగ్గాన్నీ, నన్నూ హేలా అనే పోలండ్ పిల్లకు ఇచ్చారు. పక్క మగ్గం హేలా అక్క యాద్విగాది.

ఆ రోజుల్లోనే మిస్ విట్‌కమ్ అనే చదువుకున్న ఆవిడ మిల్లు గేటు దగ్గర నిలబడి, సన్నని ఇనప కొంకి చూపిస్తూ, దారాన్ని దీంతో లాగండి, నోటితో లాగితే క్షయ అంటుకుంటుందని చెప్పేది.

"దాంతో గెలుక్కుంటూ కూర్చుంటే మా కూలి మీరిస్తారా అమ్మగారూ?" అని అందరికంటే ముందు నవ్వింది యాద్విగాయే. నేసిన గుడ్డను బట్టి కూలి మరి. ఓడిల్‌ను చూసి వచ్చాక మాత్రం ఆమె మళ్ళీ నవ్వలేదు.

"ఆ నాడె నోట్లో పెట్టకే," అంది చెల్లెలితో.

"నువ్వు పెట్టడం లేదూ?"

"నా సంగతి వదిలెయ్."

"అయితే నా సంగతీ వదిలెయ్ అక్కా. నెమ్మదిగా నేస్తే పనిలో ఉంచుతారా?"

మర్నాడు మధ్యాహ్నం హేలా రొట్టె తినడానికి వెళ్ళినప్పుడు, యాద్విగా జేబులోంచి చర్చిలో వెలిగించగా మిగిలిన కొవ్వొత్తి ముక్క తీసింది. దాన్ని ఆవిరి గొట్టం మీద మెత్తబరిచి నా కన్ను పూడ్చేసింది.

హేలా ఎంత పీల్చినా దారం రాలేదు. మగ్గం ఆగింది. మేస్త్రీ వచ్చాడు.

"ఎవరి పని ఇది?"

"నాదే," అంది యాద్విగా. "దాని నోరు మూయించలేక దీన్ని మూశాను."

మేస్త్రీ ఆమెను అక్కడికక్కడే పనిలోంచి తీసేశాడు. హేలా చేతిలో ఇంకో నాడె పెట్టాడు. "పని చేస్తావా, మీ అక్క వెంట పోతావా?"

హేలా దాన్ని పెదవుల దాకా తెచ్చింది. తలుపు దగ్గర అక్క ఇంకా నిలబడే ఉంది. హేలా నాడెను దించి, జడలోంచి పిన్ను తీసి, కొస వంచి, కంటిలో దారం కోసం వెతకసాగింది.

"ఎంబ్రాయిడరీ అనుకున్నావా?" అన్నాడు మేస్త్రీ.

ఎంతసేపటికో దారం వచ్చింది. మగ్గం కదిలింది. ఆ వారం ఆమె కూలి బాగా తగ్గింది. అయినా పిన్ను వదల్లేదు.

నన్ను యాద్విగా తన జేబులో వేసుకుపోయింది. మిస్ విట్‌కమ్‌తో ఇల్లిల్లూ తిరిగి, నన్ను చూపించి, అర్జీ మీద సంతకాలు పెట్టించింది. కొన్నేళ్ళకు నోటితో లాగే నాడెలు వాడకూడదని చట్టం వచ్చింది. యజమానులు దాన్ని తమ దయగా చెప్పుకున్నారు. అప్పటికే యాద్విగా దగ్గుతోంది.

ఇప్పుడు నేను మ్యూజియంలో, అద్దాల పెట్టెలో ఉన్నాను. కింద 'పాడైన నాడె' అని రాసి ఉంది. ఒకరోజు తల నెరిసిన ఒకావిడ మనవరాలితో వచ్చి నా ముందు ఆగింది.

"దీని కన్ను మూసుకుపోయిందేం అమ్మమ్మా?"

"మూసుకుపోలేదే. మా అక్క మూసింది," అని హేలా గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.