మడత మార్చే రోజు

ధర్మవరంలో పాత పట్టుచీరలను భద్రపరిచే ఇంటికి పొద్దున్నే తాళం తీసేది జ్యోతిలక్ష్మి. అరల్లో ఎండిన వేపాకు తీసి కొత్తది పరిచి, చేతులకు నూలు తొడుగులు వేసుకున్న తరువాతే చీరలను తాకేది. చెమట తగిలితే జరీ నల్లబడుతుంది. ఒకే మడతలో ఏళ్ళ తరబడి ఉంటే పట్టు ఆ గీత వెంబడే చిట్లుతుంది. అందుకే ప్రతి చీరకూ ఎప్పటికప్పుడు మడత మార్చాలి.

కొత్తగా చేరిన చీరకు మొదటిసారి మడత మార్చే రోజున మాత్రం ఇచ్చినవారి ఇంటిల్లిపాదినీ పిలిచేవారు. కట్టుకున్న మనిషి ఒంటివేడి పాత మడతల్లోనే నిలిచి ఉంటుంది; మనిషి పోయినా అది పోదు. మడతలన్నీ విప్పినప్పుడు, చీరను వట్టి చేతులతో పట్టుకున్నవారిలోకి వెళ్ళిపోతుంది. ఆ తరువాత చీర చల్లబడుతుంది. కనుక ఎవరు పట్టుకోవాలన్నది ఆ కుటుంబం తేల్చుకోవలసిన సంగతి.

ఆ వేసవిలో తల్లి చీర కోసం బెళుగుప్ప నుంచి వచ్చిన అన్నదమ్ములు బాలప్ప, తిప్పయ్య గుమ్మంలోనే తగవుపడ్డారు.

"అమ్మను సాకింది నేను. నేనే పట్టుకుంటా," అన్నాడు బాలప్ప.

"సాకింది వదినలేప్పా. నువ్వు రచ్చకట్ట మీద పులిజూదం ఆడుకుంటా ఉంటివి," అన్నాడు తిప్పయ్య.

ఎంతకీ తేల్చుకోకపోయేసరికి జ్యోతిలక్ష్మి ఇద్దరినీ కాదని, చీరను వాళ్ళ వెంట వచ్చిన బాలప్ప భార్య చేతుల్లో పెట్టించింది. మడతలు విడిపోతుంటే ఆ కోడలు కళ్ళు మూసుకుంది. అన్నదమ్ములు ఆమె చేతులు చెరొకటి పట్టుకొని బస్టాండు దారి పట్టారు.

ఏళ్ళుగా అందరికీ ఈ పని చేసిపెట్టిన జ్యోతిలక్ష్మి, అట్టడుగు అరలోని ఒక్క చీరకు మాత్రం మడత మార్చలేదు. అది ఆమె కూతురు త్రివేణిది. పెండ్లికని తండ్రి నాగేశ్వర నేసిన మామిడిపండు రంగు చీర. మగ్గం మీది నుంచి దించిన రోజున ఆ పిల్ల దాన్ని చుట్టుకొని, పొద్దు గుంకేదాకా విప్పనని మొండికేసింది. పెండ్లి దాకా బతకలేదు, జ్వరం తీసుకుపోయింది. ఆ తరువాత నాగేశ్వర వేళ్ళు పోగును గుర్తుపట్టడం మానేశాయి. తెగిన పోగు వేళ్ళ నడుమ ఉన్నా ఆయనకు తెలిసేది కాదు. మగ్గం వదిలి పట్టు దుకాణంలో మూటలు మోసే పనికి కుదిరాడు. ఆ చీరను ఇంట్లో ఉంచవద్దన్నాడు. జ్యోతిలక్ష్మి దాన్ని ఇక్కడికి తెచ్చి, రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక తొడుగు తీసి, మడతల మధ్య చెయ్యి పెట్టుకొని కాసేపు కూర్చునేది. నిద్రపోతున్న పిల్ల మెడవంపులా అక్కడ వెచ్చగా ఉండేది.

పాత నేతల మీద పరిశోధనకు అనంతపురం నుంచి వచ్చిన రేఖ ఒకనాడు ఆ అర తెరిచింది. భూతద్దం పెట్టి మడత వెంబడి చూసింది.

"అక్కా, మడత కాడ జరీ పట్టును కోస్తాంది. ఇంకో ఎండాకాలం ఆగదు. ముక్కలైతాది."

"చూసినాను."

"చూసి కూడా అట్లే పెట్టినావా? ఊరందరికీ చెప్పేదానివి!"

"ఊరోళ్ళ బిడ్డ కాదు గదమ్మా అది."

రేఖ గొంతు తగ్గించింది. "ముక్కలైతే వేడి నిలుస్తాదా, అక్కా?"

"నిలవదు," అంది జ్యోతిలక్ష్మి. "ఎవరికీ కాకుండా పోతాది."

సాయంత్రం ఆమె దుకాణానికి వెళ్ళేసరికి నాగేశ్వర భుజం మీది మూట దించుతున్నాడు.

"రేపు బిడ్డ చీర మడత మారుస్తాం. నువ్వు రావల్ల."

"నేనేల? నువ్వే పట్టుకో. ఈ చేతులకేం తెలుస్తాది?"

"ఇన్నేండ్లూ నేనే పట్టుకుంటి. దినమూ."

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"ఇంకా వెచ్చగుండాదా?"

"ఉండాది."

మరునాడు నాగేశ్వర తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకొని వచ్చాడు. జ్యోతిలక్ష్మి చీరను తెచ్చి ఆయన రెండు చేతుల మీద పెట్టింది. తన తొడుగులు తీయలేదు. రేఖ ఒక కొస పట్టుకుంది, జ్యోతిలక్ష్మి ఇంకొకటి. రేఖ చేతులకూ తొడుగులున్నాయి. ఒక్కొక్క మడతే విడిపోయింది. నాగేశ్వర వేళ్ళు మెల్లగా ముడుచుకొని, మళ్ళీ తెరుచుకున్నాయి.

"ఈడ ఒక పోగు లేచింది," అన్నాడు ఆయన, చీర వైపు చూడకుండానే.

అంతా అయ్యాక జ్యోతిలక్ష్మి తొడుగు తీసి చీర మీద చెయ్యి వేసింది. అన్ని చీరల్లాగే చల్లగా ఉంది.

నాగేశ్వర మూటల పని మానుకున్నాడు. కొన్నాళ్ళకు ఆమె ఇంటికి తిరిగివస్తుంటే వీధిలోకే మగ్గం చప్పుడు వినిపించింది. ఆయన మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాడు. పడుగు మీద మళ్ళీ మామిడిపండు రంగే.

"ఎవరికి?" అంది.

"ముదిగుబ్బలో ఎవరో పిల్ల పెండ్లికంట."

నేసినంత మేర మీద ఆమె అరచెయ్యి ఆనించింది. వెచ్చగా ఉంది. ఉలిక్కిపడి భర్త ముఖం చూసింది. ఆయన పోగు అల్లే నాడెను అటూ ఇటూ విసరడం ఆపలేదు.

"నా చేతుల్లోంచి పోతాంది, నాకు తెలుసులేమే," అన్నాడు. "పోనీ. బిడ్డను పెండ్లన్నా చూడనీ."

ఆమె చెయ్యి అక్కడే ఉండిపోయింది. చెమట తగిలితే జరీ నల్లబడుతుందని గుర్తుకొచ్చి, కొంతసేపటికి తీసేసుకుంది.