ఆరో కీలు

గోరు తెల్లబడగానే ఆగాలి, అంతే, నా ఉద్యోగమంతా ఈ బొటనవేలి గోరులోనే ఉంది, దాని కింది ఎరుపు పోయి తెల్లబడేంత నొక్కి, నొప్పా అని అడిగి, అవునంటే ఒకటి, లేదంటే సున్నా, మళ్ళీ తర్వాతి కీలు, మోకాళ్ళు రెండు, భుజాలు రెండు, మోచేతులు రెండు, మణికట్లు రెండు, ఎడమ చేతి వేళ్ళలో పది, కుడి చేతి వేళ్ళలో పది, మొత్తం ఇరవై ఎనిమిది, నిద్రలో లేపి అడిగినా తప్పు చెప్పను, మా ఆయనైతే నీతో చెయ్యి కలపాలంటే భయమేస్తోంది, ఎక్కడ సున్నా వేసేస్తావో అంటాడు, పేషెంట్లకేమో నేను నొక్కుడమ్మని, ఆ పేరు పెట్టింది ఈవిడే, ఇదిగో ఎదురుగా ఎత్తు బల్ల మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్న కాజాల ఆవిడ, ముప్ఫై ఏళ్ళు దర్జీల దుకాణాలకి చొక్కాల కాజాలు కుట్టిచ్చిన మనిషి, కీళ్ళ జబ్బుకి కొత్త మందు పరీక్షించే ఆర్నెల్ల ట్రయల్‌కి ఇవాళ ఆఖరి రోజు, అంటే ఆమెని నేను నొక్కేది కూడా ఇదే ఆఖరిసారి, పొద్దున జాబితాలో ఆమె నంబరు చూసి అమ్మయ్య అనుకున్నాను, అనుకున్నందుకు వెంటనే సిగ్గేసింది.

ఎడమ మోకాలు, నొప్పా, అవును, ఒకటి, కుడి మోకాలు, నొప్పా, అవునమ్మాయ్, ఒకటి, ఇంతకు మించి నేను మాట్లాడకూడదు, ఎలా ఉన్నారు, మందు పనిచేస్తోందా, ఇవేవీ అడగకూడదు, ఆమె చెప్పబోయినా ఆపాలి, పాత కాగితాలు చూడకూడదు, ఆమెకిచ్చే సూదిలో కొత్త మందుందో ఉత్తి నీళ్ళున్నాయో నాకే కాదు, ఆమెకీ పెద్ద డాక్టరుగారికీ కూడా తెలీదు, తెలిస్తే కళ్ళు కోరుకున్నదే చూస్తాయట, శిక్షణలో అదే చెప్పారు, మీరు మనుషులు కాదు కొలబద్దలు అనుకోండి అన్నారు, ఇంకోటి కూడా చెప్పారు, రాసిన అంకె తప్పైతే దాని మీద తెల్లరంగు పుయ్యకూడదు, కొట్టి ముద్ద చెయ్యకూడదు, ఒక్కటే గీత, కింద పాత అంకె కనబడేలా, పక్కన సరైన అంకె, సంతకం, తేదీ, కారణం, మేమంతా బుద్ధిగా తలలూపి రాసుకున్నాం, కొలబద్దకి జాలి పుడితే ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ అడగలేదు, భుజాలు, ఒకటి, ఒకటి, పాత కాగితాలు చూడకపోతేనేం, నా బొటనవేలికి అన్నీ గుర్తున్నాయి, మొదటి రోజు ఆరు, రెండో నెలలో పదకొండు, నాలుగో నెలలో పదిహేను, ఇవాళ అప్పుడే నాలుగు.

ఆరు కాదు, ఐదు, ఎన్నిసార్లు అబద్ధం చెప్పుకుంటావే నీకు నువ్వే, మొదటి రోజు ఐదు, ఆ రోజు కూడా ఇదే గది, ఇదే కిటికీ, ఇదే బరువు తూచే మిషను మూలన, పెద్ద డాక్టరుగారు తలుపు దగ్గర నిలబడి, ఇంకొక్కళ్ళు దొరికితే మన వాటా పూర్తయిపోతుందమ్మా, శుక్రవారంతో చేర్చుకోవడం ఆపేస్తారు అని నవ్వుతూ వెళ్ళిపోయాడు, ఆయన ఇంకేం అనలేదు, ఆయన్నేమీ అనడానికి లేదు, ట్రయల్‌లో చేరాలంటే నొప్పెట్టే కీళ్ళు కనీసం ఆరుండాలి, ఆ సంగతి కొలిచేవాళ్ళకి తెలియకపోవడమే మంచిది కానీ ఇక్కడ టీ తెచ్చేవాడికి కూడా తెలుసు, ఆవిడకే తెలీదు, పెద్ద డాక్టరుగారు రమ్మన్నారని వచ్చానమ్మాయ్ అంది, చెయ్యి నా చేతిలో పెట్టింది, మోకాళ్ళ నుంచి వేళ్ళ దాకా, ఎడమ నుంచి కుడికి నొక్కుకుంటూ వచ్చాను, ఇరవై ఏడు కీళ్ళు అయ్యేసరికి ఐదు, మిగిలింది ఒక్కటి, కుడి చిటికెనవేలి నడిమి కీలు, గోరు తెల్లబడేదాకా నొక్కాను, నొప్పా అన్నాను, లేదు అంది.

లేదు అంది, అక్కడ ఆగాలి, సున్నా వెయ్యాలి, చెయ్యి వదలాలి, నేను వదల్లేదు, సరిగ్గా చెప్పండమ్మా అన్నాను, అని మళ్ళీ నొక్కాను, ఈసారి గోరు తెల్లబడటం చూశాను, చూసి కూడా ఇంకొంచెం నొక్కాను, గోరు అంచు చుట్టూ కూడా రంగు పోయింది, అప్పుడు ఆమె నా మొహంలోకి చూసి అబ్బా అంది, ఒకటి వేశాను, మొత్తం ఆరు, కాగితం కడిగిన పలకలా ఉంది, కొట్టివేత లేదు, దిద్దుబాటు లేదు, తనిఖీకి వచ్చినావిడ కూడా మీ కాగితాలు ముచ్చటగా ఉంటాయండీ అని మెచ్చుకుంది, ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాలో నేను మురిసిపోయాను కూడా, ఏం లేదు ఏం లేదు అంటూ నొప్పిని దిగమింగే ఆడవాళ్ళని ఎంతమందిని చూశాను, ఈవిడా అంతే, లోపల నొప్పుంది, మొహమాటపడింది, నేను బయటికి లాగాను, పోనీలే కొత్త మందు అందుతుంది, ముగ్గురిలో ఇద్దరికి అసలు మందే కదా, ఆ మూడో మనిషి ఈవిడే ఎందుకవుతుంది అనుకున్నాను, ఒకరికి మేలు చేశాననుకుని ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయాను.

మోచేతులు, సున్నా, ఒకటి, మణికట్లు, ఒకటి, ఒకటి, ఎడమ మణికట్టు ఉడికిన దుంపలా మెత్తగా వేడిగా ఉంది, ట్రయల్‌లో చేరేముందు ఆమె పాత మాత్రలు నాలుగు వారాలు ఆపేశారు, లోపలి మందు కడుక్కుపోవాలి కదా, లేకపోతే కొత్తదాని సంగతి ఎలా తెలుస్తుంది, ఈ జబ్బేమో ఊరికే కూర్చునేది కాదు, ఒంటిని కాపాడాల్సిన బలగమే కీళ్ళని శత్రువులనుకుని కొరికేసే జబ్బు, కాపలావాడు నిద్రపోయిన ఇంట్లో దొంగ పడ్డట్టు పడింది, పదహారో వారంలో ఇక లాభం లేదని పాత మాత్రలు మళ్ళీ మొదలుపెట్టారు, అప్పటికే కుడిచేతి వేళ్ళు పక్కకి వాలిపోయాయి, అవునూ, ఆమె కాగితాలు చదివే సంతకం పెట్టింది, ఉత్తి సూది పడొచ్చని రెండుసార్లు చెప్పారు, నేనే విన్నాను పక్క గదిలోంచి, సంతకం పెట్టింది కాబట్టి నా తప్పేం లేదు అని నాలుగు నెలలుగా నాకు నేను వకీలునై వాదించుకుంటున్నాను, ప్రతిసారీ కేసు గెలుస్తాను, ప్రతిసారీ గెలిచి కూడా అన్నం సయించదు, ఆమె సంతకం పెట్టింది ఆరుకి, ఆ ఆరు రాసింది నేను.

వేళ్ళు, ఎడమ చెయ్యి, ఒకటి, ఒకటి, సున్నా, నా తెల్లకోటు అంచు ఆమె మోకాలికి తగిలింది, ఈ కోటు మూడో కాజా ఆమె కుట్టిందే, రెండోసారి వచ్చినప్పుడు, ఇంకా మాత్రలు ఆపని రోజుల్లో, అదేంటమ్మాయ్ కాజా అలా నోరు తెరుచుకుంది, ఇలా విప్పియ్యి కోటు అని సంచిలోంచి సూదీ దారం తీసి, నేను వద్దు వద్దంటున్నా వినకుండా, వరుసలో తన పిలుపు వచ్చేలోపు కుట్టేసింది, ఎంత సన్నటి కుట్టు, కోటు చుట్టూ చిరుగులు పట్టినా ఆ కాజా మాత్రం ఇప్పటికీ బిగువుగా ఉంది, రోజూ పొద్దున్నే గుండీ పెట్టుకునేటప్పుడు వేలికి తగులుతుంది, కొత్త కోటు ఇస్తామన్నారు, ఇదే బావుంది అన్నాను, బావుండి కాదు, విప్పేస్తే తప్పించుకున్నట్టవుతుందని, మొన్నీమధ్య వసారాలో ఆమె ఎవరితోనో అంటుంటే విన్నాను, ఫోటో తీశారు, ఎముక ఎలక కొరికినట్టుందట, సూది పట్టుకుంటే జారిపోతోందే, మా కోడలు ఇప్పుడు నా చేతికి చెంచా ఇచ్చి తినమంటోంది, ఏం చేస్తాం, చిన్నపిల్లనైపోయా అని పెద్దగా నవ్వింది, నేను గోడ చాటున నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడిపోయాను.

కుడి చెయ్యి, ఒకటి, ఒకటి, ఒకటి, ఒకటి, లెక్క పద్దెనిమిదికి వచ్చింది, కుడి చిటికెనవేలి నడిమి కీలు ఒక్కటే మిగిలింది, బొటనవేలు ఆనించాను, నొక్కబుద్ధి కాలేదు, నొక్కాలి, గోరు తెల్లబడింది, ఆపాను, నొప్పా అన్నాను, ఆమె నవ్వింది, ఈ వేలా, ఇదొక్కటే బాగుందమ్మాయ్, ఇది ఎప్పుడూ నొప్పి పెట్టలేదు, మొదటి రోజు నేను గట్టిగా నొక్కినప్పుడు కూడానా అన్నాను, నియమం తప్పి మాట్లాడుతున్నానని తెలిసే అన్నాను, అప్పుడు మాత్రం ఎక్కడ పెట్టిందిలే, నువ్వు మళ్ళీ మళ్ళీ అడుగుతుంటే నీ మొహం చూశా, ఏదో ఒకటి తక్కువైనట్టు దిగాలుగా పెట్టావు, పాపం ఈ పిల్లకి కావాలేమో, పోయేదేముంది అని అబ్బా అన్నా, అంది, అని నా చెయ్యి తట్టింది.

ఏమనుకున్నాను నేను, ఆమె మొహమాటపడి నొప్పి దాచుకుందనుకున్నాను, ఆమె మొహమాటపడింది నిజమే, నా కోసం పడింది, నేనేదో ఆమెకి పెట్టిపోశాననుకుని బస్సులో మురిసిపోతే పెట్టింది ఆమె, కాజా కుట్టిచ్చినట్టే అబ్బా కూడా ఇచ్చింది, దానికి బదులు ఏం పోతుందో తెలియకుండా, ఇప్పుడు నేను ఆమెకి చెప్పకపోయినా నడిచిపోతుంది, గడియారం పదకొండు దాటింది, ఇంకో ఐదు నిమిషాల్లో బల్ల దిగి వెళ్ళిపోతుంది, థాంక్సమ్మాయ్ అంటుంది, నేను పర్లేదండీ అంటాను, అంతటితో అయిపోతుంది, ఎవరికీ తెలీదు, అమ్మా, అన్నాను, ఆ రోజు ఆరు లేకపోతే మిమ్మల్ని ఇందులో చేర్చుకునేవాళ్ళు కాదు, ఐదే అని రాసుంటే మీ పాత మాత్రలే కొంచెం పెంచి ఇంటికి పంపేవాళ్ళు, మీరు లేదన్నారు, నేను ఒకటి వేశాను.

తిడుతుందనుకున్నాను, తిడితే బావుండుననుకున్నాను, ఆమె తన చిటికెనవేలి వంక చూసింది, ఆ తర్వాత పక్కకి వాలిన మిగతా నాలుగు వేళ్ళ వంక, ఆ తర్వాత నెమ్మదిగా నా చేతిలోంచి తన చెయ్యి తీసేసుకుంది, ఆర్నెల్లలో ఆమె అలా తీసుకోవడం అదే మొదటిసారి, ఎప్పుడూ నేను వదిలేదాకా ఉంచేది, రవిక చేతి గుండీ పెట్టుకోబోయింది, గుండీ జారింది, మళ్ళీ పెట్టబోయింది, మళ్ళీ జారింది, నేను చెయ్యి చాచాను, వద్దు, నేను పెట్టుకుంటా అంది, వేల కాజాలు కుట్టిన మనిషి ఒక్క గుండీ కోసం నాలుగుసార్లు అవస్థపడటం అక్కడే నిలబడి చూశాను, తల తిప్పుకునే హక్కు నాకు లేదనిపించింది, ఐదోసారికి పడింది, బల్ల దిగింది, సంచి భుజాన వేసుకుంది, తలుపు దగ్గర ఆగి, ఈ మాట ఆ కాగితంలో కూడా చెప్పు అంది, నావైపు తిరగలేదు.

ఫైళ్ళ గదికి వెళ్ళి, మొదటి రోజు కాగితం కావాలి అన్నాను, ఫైళ్ళావిడ కళ్ళజోడు పైనుంచి చూసి, పాతవి నువ్వు చూడకూడదు కదే, ఇవాళ కొత్తగా ఏంటి అంది, చూడ్డానికి కాదు, దిద్దడానికి అన్నాను, ఆమె ఇంకేం అడక్కుండా తీసి ముందు పెట్టింది, ఎంత శుభ్రంగా ఉంది, నా అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, ఆఖరి గడిలో ఒకటి, దాని కింద మొత్తం ఆరు, అడ్డంగా ఒక్క గీత గీశాను, కింద ఒకటి కనబడుతూనే ఉంది, పక్కన సున్నా, ఆరు మీద ఒక గీత, పక్కన ఐదు, సంతకం, ఇవాళ్టి తేదీ, ఈ గీతతో ఆ పరీక్ష గదిలో నా బొటనవేలికి పని పోతుందేమో, పోనీ, ఆమె ఆర్నెల్ల నొప్పి కూడా లెక్కల్లోంచి కొట్టేస్తారేమో, దానికేం చెప్పుకోను, మిగిలింది కారణం గడి, అందులో అందరం రాసేది ఒకటే మాట, రాతలో పొరపాటు, రోజుకి పదిసార్లు రాస్తాం, ఎవరూ చదవరు, చెయ్యి అలవాటుగా రా అని మొదలుపెట్టింది కూడా, ఆపాను, రాతలో పొరపాటు లేదు, వేలిలో లేదు, గోరులో లేదు, జాలిలో కూడా లేదు, నాలుగు నెలలు వాదించి గెలిచిన కేసులో నేను ఒక్కసారీ పిలవని సాక్షి ఒకటుంది, అది నా చెవి, ఆ రోజు ఆ గదిలో ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట దానికి స్పష్టంగా తెలుసు, రాసిన ఆ ఒక్క అక్షరం మీద కూడా గీత గీసి, కారణం గడిలో పట్టేలా చిన్నగా రాశాను, ఆమె లేదు అంది, నేను విన్నాను, విని కూడా నొక్కాను.